వెంకటేశం తలుపు దించిన రోజు

ఆ శుక్రవారం తొర్రూరులో వెంకటేశం తన కిరాణా దుకాణం తెరవలేదు. భార్య కళావతి, కూతురు అలేఖ్య చిల్పూర్ గుట్టకు దర్శనానికి వెళ్లారు. వాళ్లు తిరిగొచ్చేలోపు వీధి తలుపుకు పాత రంగు గీకేసి, కొత్త రంగు వేసి, తలుపు పాడైందని రోజూ సణిగే ఇద్దరి నోళ్లూ మూయించాలని అతని పథకం. రంగులు వేసే భిక్షం రేపు వస్తానన్నాడు. వెంకటేశానికి రేపు అనే మాటే పడదు. కుక్కర్ కూత వేయకముందే అన్నం ఉడికిందా అని అడిగే మనిషి.

మడతబందుల మరలు విప్పి, తలుపును ఎలాగో దించి, అరుగు మీద గోనెసంచులు పరిచి పడుకోబెట్టాడు. మూతికి తువ్వాలు చుట్టుకుని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. పొడి కళ్లలో పడి నీళ్లు ధారగా కారాయి. రుద్దడం అయ్యాక చూస్తే ఇంట్లో ఉన్న రంగు అడుగంటి ఉంది. బజారుకు పోక తప్పదు. వీధి దుమ్ము పడకుండా తలుపు మీద తన తెల్ల ధోవతి కప్పాడు. గొళ్లెం ఉన్నచోట ధోవతి కాస్త ఎత్తుగా, ముక్కులా లేచింది.

తలుపు లేని ఇంటిని వదిలి ఎలా వెళ్లడం? తల్లి సత్తెమ్మ ఉంది గానీ, గట్టిగా అరిస్తే తప్ప ఆమెకు వినపడదు. పైగా తలంటుకుని, పెరట్లో ఎండకు జుట్టు ఆరబోసుకుంటూ మంచం మీదే కునుకు తీస్తోంది. అంతలో ఎదురింటి లచ్చవ్వ గేటు దగ్గరికి వచ్చింది. అరుగు మీది తెల్లగుడ్డను, అతని ఎర్రటి కళ్లను చూసి కొయ్యబారిపోయింది.

"ఎప్పుడు బిడ్డా?" అంది మెల్లగా.

"పొద్దుగాల్నే దించి కింద పండవెట్టిన అవ్వా."

"నిన్న మంచిగనే ఉండె గదా."

"పైకి మంచిగనే కనవడ్డది. లోపలంత పాడైంది. ఎన్నేండ్ల సంది ఎండకు వానకు నిలవడ్డది, ఎంతకని ఓర్సుకుంటది?" అన్నాడు వెంకటేశం చెప్పులు తొడుక్కుంటూ. "జర చూస్తుండు. సామాన్లు తెస్త. పొద్దుగూకక ముందే అయిపోవాలె."

అతను వీధి మలుపు తిరగకముందే లచ్చవ్వ మరిపెడలో ఉన్న అతని తమ్ముడు యుగేందర్‌కు ఫోన్ చేసి ఏడ్చింది. తరువాత వీధంతా చెప్పింది.

రంగుల దుకాణంలో కరెంటు పోయి, రంగు కలిపే యంత్రం ఆగిపోయింది. వెంకటేశం కూర్చున్నాడు, లేచాడు, బయటికొచ్చి స్తంభం వైపు చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. ఫోన్ ఇంట్లోనే మరిచిపోయాడు. ఎట్టకేలకు డబ్బా చేతికందే సరికి బజారులో షట్టర్లు సగం దించుతున్నారు. ఎవరో పెద్దమ్మ పోయిందట అని పూలకొట్టు అతను చెప్పాడు. అయ్యో అనుకున్నాడు వెంకటేశం. మొదటి పూత వేశాక వెళ్లి చూసి రావచ్చనుకున్నాడు.

తన వీధిలోకి తిరిగితే తన ఇంటి ముందే జనం. ఎవరో చేతిలోని డబ్బా అందుకున్నారు, ఇంకెవరో భుజం పట్టుకుని అమ్మ ఇంత తొందరగా పోతుందనుకోలేదన్నారు. వెంకటేశం లోపలికి పరుగెత్తి తల్లి గదిలో చూశాడు. మంచమే లేదు. అది పెరట్లో ఉందన్న సంగతి ఆ కంగారులో తట్టలేదు. తాను చెక్క గీకుతూ కూర్చుంటే తల్లి దిక్కులేకుండా పోయిందనుకున్నాడు. అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు. ధోవతి మీద పూలదండలు పడి ఉన్నాయి. కొడుకులొచ్చేదాకా ముఖం మీది గుడ్డ తీయవద్దని లచ్చవ్వ కాపలా కాసింది. దాని కింద ఉన్నదేమిటో కప్పినవాడికే గుర్తు లేదు.

అప్పుడే బైకు దిగిన యుగేందర్ అన్నను వాటేసుకున్నాడు. ఏనాడో ఒక పెళ్లిలో భోజనాల దగ్గర మాటామాటా పెరిగి, ఆ ఇంటి తలుపు మళ్లీ దాటనని ఒట్టు పెట్టుకున్న తమ్ముడు అతను. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి చిన్నపిల్లల్లా ఏడ్చారు.

ఆ గోలకు సత్తెమ్మకు మెలకువ వచ్చిందో, ఎండ ముఖం మీదికి పాకిందో, జుట్టు విరబోసుకుని ఇంటి పక్క సందులోంచి నడిచొచ్చింది. ఏడుస్తున్న ఆడవాళ్లను చూసి ఆమె కళ్లలోనూ నీళ్లు తిరిగాయి.

"ఎవలు పోయిండ్రే లచ్చవ్వా?" అంది.

ఎవరో ధోవతి లాగితే గీకిన తలుపు బయటపడింది. యుగేందర్ తల్లి కాళ్ల మీద పడి, కాసేపటికి తేరుకుని, కళ్లు తుడుచుకుంటూ బైకు వైపు నడిచాడు.

"ఏడికిరా? లోపటికి రా," అంది సత్తెమ్మ.

"తలుపు దాటనని ఒట్టు వెట్టుకున్న గదమ్మా," అన్నాడు గట్టిగా.

సత్తెమ్మ వట్టి గుమ్మం వైపు చూపించింది. "తలుపేది బిడ్డా?"

యుగేందర్ అటు చూశాడు, అన్నను చూశాడు, చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు.

కళావతి, అలేఖ్య ఆటో దిగేసరికి వచ్చినవాళ్లందరూ చాయ తాగుతున్నారు. కళావతి దండలు వేసిన తలుపును, తల వంచుకున్న భర్తను చూసి, భిక్షానికి ఫోన్ చేసింది. మరునాడు అతనొచ్చి రంగు వేశాడు.

సత్తెమ్మ మాత్రం లచ్చవ్వను పక్కన కూర్చోబెట్టుకుని ఎవరెవరు వచ్చారో, ఎవరెంత ఏడ్చారో ఒక్కొక్కరి గురించీ అడిగి తెలుసుకుంది. ఆ రోజు రానివాళ్లతో ఆమె ఇప్పటికీ సరిగా మాట్లాడదు.