హిలాల్ కోసం ఉపవాస ప్రార్థన

ఆ శనివారం సత్యానందం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. సాయంత్రం నాలుగింటికి అరబ్ దేశాల కుర్రాళ్ల ఫుట్‌బాల్ టోర్నమెంటులో ఒమన్, బహ్రెయిన్ మ్యాచ్. లాప్‌టాప్‌ని టీవీకి తగిలించి చూడాలి. పక్కన ఒక్క మనిషి ఉండాలి. ఒమన్ గోల్‌కీపర్ హిలాల్‌ని చూపించి, "వీణ్ణి రోజూ నేనే బడికి దింపేవాణ్ణి" అని ఆ మనిషితో చెప్పుకోవాలి. అంతే.

మస్కట్‌లో ఒక పెద్దింట్లో పదకొండేళ్లు డ్రైవరుగా చేసి, భార్య సలోమి నర్సుగా ఉన్న లండన్ పక్క హౌన్స్‌లో ఊరికి ఆయన వచ్చి నాలుగేళ్లయింది. ఎయిర్‌పోర్టు గోడౌన్లో పని. సలోమికి ఎప్పుడూ లాంగ్ డే షిఫ్టులే. తల్లి దగ్గరే పెరిగిన కొడుకు రోషన్‌ది మూడు గంటల దూరంలో షెఫీల్డ్‌లో చదువు. సెలవు రోజున ఆయనతో మాట్లాడేది పోస్టుమాన్ ఒక్కడే, అదీ పక్కింటివాళ్ల పార్సిల్ ఉంటేనే.

పొద్దున్నే చర్చిలో తెలిసినవాళ్లకి ఫోన్లు మొదలుపెట్టాడు. మొదటివాడు "పిల్లకాయల మ్యాచా అంకుల్? అదీ ఒమనా?" అని నవ్వాడు. రెండోవాడు నవ్వకుండానే పెట్టేశాడు. మూడో ఫోను హెప్సికి. సంఘంలో అందరి కష్టసుఖాలూ ఆవిడవే.

"వందనాలు బ్రదర్! ఏంటి సంగతి?"

మ్యాచ్ అంటే ఈవిడా రాదని సత్యానందానికి ప్రాణం ఉసూరుమంది. "సాయంత్రం ఇంట్లో చిన్న ప్రార్థన పెట్టుకున్నాం సిస్టర్. మూడున్నరకి" అనేశాడు.

మనవాళ్లు పెళ్లయినా ఎగ్గొడతారేమో గానీ ఇంటి ప్రార్థనకి రామని మాత్రం అనరు. అరగంటలో ఆమెన్ అనిపించి టీవీ పెట్టేద్దామని ఆయన ఎత్తు.

"తప్పకుండా వస్తాం. దేని గురించండీ?"

అబద్ధం అలవాటు లేని మనిషి తడబడ్డాడు. "అదే... ఒక కుర్రాడి గురించి."

సత్యానందానికి ఈ లోకంలో ఉన్న కుర్రాడు రోషన్ ఒక్కడే అని హెప్సికి తెలుసు. "ఇంకేం చెప్పకండి బ్రదర్, నాకర్థమైంది" అని గొంతు తగ్గించి ఫోను పెట్టేసింది.

ఆవిడ పాస్టరు జోనాథన్ గారికి చెప్పింది. ఆయన వాట్సాప్ గ్రూపులో "రోషన్ బాబు నిమిత్తం అత్యవసర ఉపవాస ప్రార్థన" అని పెట్టారు. మధ్యాహ్నానికల్లా రోషన్ డ్రగ్స్ మరిగాడని కొందరు, కాదు యాక్సిడెంటని కొందరు. బర్మింగ్‌హామ్ నుంచి రెండు కార్లు బయల్దేరాయి. వార్డుకి ఎవరో ఫోన్ చేస్తే సలోమి ఏడుస్తూ బస్సెక్కింది. కొడుక్కి చేస్తే లైను దొరకలేదు, వాడి ఫోను నిండా ఆంటీలే. "ఐయామ్ ఫైన్" అని వాడు ఎంత మొత్తుకుంటే వాళ్లకంత అనుమానం. చివరికి ఇంట్లోనే ఎవరికో ఏదో అయిందని భయపడి వాడు రైలెక్కాడు. ఈ గొడవంతా తెలియని సత్యానందం ఫోను చార్జింగులో పెట్టి, వచ్చే నలుగురి కోసం పకోడీలు వేస్తున్నాడు.

తలుపు తీస్తే నలుగురు కాదు, నలభై మంది! వాళ్ల మధ్య ఏడుస్తూ సలోమి. హాలు చాలక మెట్ల మీద కూడా కూర్చున్నారు. సత్యానందం నోరు తెరిచేలోపే పాస్టరు గారు మోకరించారు. నాలుగైంది. ప్రార్థన ఇంకా రోషన్ బాల్యం దగ్గరే ఉంది. అక్కడ మ్యాచ్ మొదలైపోయిందని తలుచుకుంటే సత్యానందానికి కళ్లనీళ్లు తిరిగాయి.

"తండ్రి కదా, పాపం" అని హెప్సి ముక్కు చీదింది.

"ఆ బిడ్డ పేరు మీ నోటితో చెప్పి ప్రభువుకి అప్పగించండి బ్రదర్" అన్నారు పాస్టరు గారు.

ఇక ఆయన వల్ల కాలేదు. "హిలాల్" అన్నాడు.

అందరి కళ్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి. సలోమి ఏడుపు ఆపింది. "హిలాలెవరండీ?"

"మస్కట్‌లో... నా చేతుల మీద పెరిగాడు సలోమీ."

"పదకొండేళ్లూ ఒంటరిగా ఉన్నానన్నారు కదండీ!"

సత్యానందం ఒక్క ఉదుటున లేచాడు. గబగబా టీవీ పెట్టాడు. తెర మీద చేతి తొడుగులతో ఒక పొడుగాటి కుర్రాడు. "అడుగో, వాడే!"

హెప్సి దగ్గరికెళ్లి చూసింది. "ముక్కు అచ్చం బ్రదర్‌దే."

"అయ్యో, మా యజమాని కొడుకమ్మా! ఫోన్లో చిన్నబాబు అనేవాణ్ణే, వాడు. మ్యాచ్ అంటే ఎవరూ రారని ప్రార్థన అన్నాను. ఒక్కణ్ణే కూర్చుని చూడలేక అన్నాను!"

పాస్టరు గారు మోకాళ్లు దులుపుకుని, "ప్రార్థన ఎక్కడికీ పోదులెండి" అన్నారు. ఉపవాసం విడిచి, పకోడీలు ఖాళీ చేసి అందరూ వెళ్లిపోయారు. సలోమి మేడ మీదికెళ్లి తలుపేసుకుంది. సత్యానందం మళ్లీ ఒక్కడే మిగిలాడు. ఇంత ఒంటరితనం పొద్దున కూడా లేదనిపించింది.

సెకండ్ హాఫ్ మధ్యలో రోషన్ రొప్పుకుంటూ వచ్చాడు. "డాడ్! ఆర్ యూ డయింగ్?"

"లేదురా" అని జరిగిందంతా చెప్పాడు. వాడు పడీపడీ నవ్వి, బ్యాగు కింద పడేసి పక్కన కూర్చున్నాడు. సత్యానందం ప్రాణం లేచొచ్చింది. తెర వైపు వేలు పెట్టి, పొద్దుటి నుంచి దాచుకున్న మాట అన్నాడు.

"వీణ్ణి రోజూ నేనే బడికి దింపేవాణ్ణి."

రోషన్ నవ్వు ఆగిపోయింది. "ఎవ్రీ డే?"

"రోజూ."

"యూ నెవర్ టుక్ మీ, డాడ్."

కోపంగా అనలేదు. అందుకే ఆయనకి మరీ బాధేసింది. టీవీ కట్టేశాడు. ఆట ఇంకా అవలేదు.

"రాత్రికి ఉంటావా?"

"ఐ హావ్ వర్క్ టుమారో. ట్రెయిన్‌కి వెళ్లిపోతా."

"రైలెందుకు? నేను దింపుతాను."

"డాడ్, ఇట్స్ షెఫీల్డ్!"

"తెలుసు. పద."

షెఫీల్డ్ దాకా తండ్రీకొడుకులు పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు గానీ, సీటు బెల్టు పెట్టుకున్నావా అని మాత్రం సత్యానందం నాలుగుసార్లు అడిగాడు.