ప్రేమకుమారి మెడలో క్లైమాక్స్

శౌరికి ఫిలింనగర్‌లో ఓ ముద్దుపేరుంది. తెరవెనక శౌరి. ఇరవై రెండేళ్లుగా సినిమాలకు మాటలు రాస్తున్నాడు, ఒక్క సినిమాలోనూ తెరమీద అతని పేరు పడలేదు. మాటలు ఇతనివి, పేరు ఇంకెవరిదో. అతని పగలూ రాత్రీ దిగులు అదొక్కటే.

ఈసారి మాత్రం నిర్మాత తిరుమలేశ్ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. హీరోగారు క్లైమాక్స్ విని సరేనంటే చాలు, మాటలు శౌరి అని తెరనిండా వేయిస్తానన్నాడు. శౌరి ఆ రోజే గుణదల మాతకు మొక్కుకున్నాడు.

తిరుమలేశ్‌కు లోకంలో ఒకటే భయం, కథ లీకవడం. ఇంతకుముందు తీసిన సినిమా క్లైమాక్స్‌ని యూసుఫ్‌గూడ టీకొట్టులో ఎవరో అతనికే పూసగుచ్చినట్టు చెప్పారట. అప్పటినుంచి కంప్యూటర్ వద్దు, ఫోన్లో ఫొటో వద్దు, జిరాక్స్ అసలే వద్దన్నాడు. చేత్తో రాయాలి, ఒక్క ప్రతే ఉండాలి, చిత్తుప్రతి స్టవ్ మీద కాల్చెయ్యాలి.

శౌరి చేతిరాత మర్నాటికి శౌరికే అర్థం కాదు. కాబట్టి మందపాటి కాగితాలమీద సాఫు రాసే పని భార్య ప్రేమకుమారి మీద పడింది. ఆవిడ మధురానగర్‌లో ఓ బళ్లో తెలుగు టీచరు. మొదట రాసిన క్లైమాక్స్ తిరుమలేశ్‌కు నచ్చలేదు. వద్దన్న కథ లీకైనా నష్టం లేదని దాన్ని మాత్రం కాల్చలేదు. రెండోది ఖాయమయ్యేలోపు ఆవిడ మూడుసార్లు తిరగరాసింది. మధ్యమధ్యలో ఈ మాట హీరోయిన్ అనదండీ అని ఆవిడ అంటే, నువ్వు రాయి చాలు అని ఇతను అనేవాడు.

ఇంతలో జూబ్లీహిల్స్ నుంచి పిలుపొచ్చింది. తిరుమలేశ్, హిమజల పెళ్లయి పాతికేళ్లట, ఇంట్లో పెద్ద ఫంక్షనట. ప్రేమకుమారి తన ముత్యాల దండ తీసి చూసి, మళ్లీ పెట్టెలో పెట్టేసింది.

"పోయినేడు హారం అన్నారు."

"సినిమా మొదలవ్వనీ."

"ఏ సినిమా అండీ?"

శౌరి ఫోన్‌లో తలదూర్చాడు. అందులో ఓ అమ్మాయి కాగితం ముక్కలు మడిచి, రంగు పూసి, పది నిమిషాల్లో అచ్చం బంగారంలాంటి నెక్లెస్ చేసేసింది. ఆ అమ్మాయికి పది నిమిషాలు పట్టింది, శౌరికి మొదటి పూస మడవడానికి ఓ పూట పట్టింది. జిగురంటిన బొటనవేలు గడ్డానికి అతుక్కుపోయి అరగంట ఆలోచనాపరుడిలా కూర్చోవాల్సి వచ్చింది.

భార్య బడికెళ్లిన నాలుగు పగళ్లూ అదే పని. పనికిరాని క్లైమాక్స్ కాగితాలు ఉండనే ఉన్నాయి. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ రాములు బంగారు రంగూ వార్నిషూ ఇచ్చాడు. పొడుగు హారం, జుంకాలు, వడ్డాణం తయారయ్యాయి. గోళ్లకేంటా పసుపు అని ప్రేమకుమారి అడిగితే, ఆరోగ్యానికి మంచిదని పూసుకున్నానన్నాడు.

ఫంక్షన్ రోజు ఎర్ర మఖ్మల్ పెట్టె చేతికిచ్చాడు. తెలిసిన కంసాలి చేత చేయించానని కళ్లార్పకుండా చెప్పాడు.

"ఇంత తేలిగ్గా ఉందేంటండీ?"

"లైట్ వెయిట్. ఇప్పుడంతా అదే."

"పెట్టుకున్నా పెట్టుకున్నట్టే లేదు."

"అదే దాని గొప్ప. నీళ్లు మాత్రం తగలనివ్వకు. మంట దగ్గరికి వెళ్లకు. ఫ్యాన్ కిందా నిలబడకు."

ప్రేమకుమారి జుంకా తిరగేసి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగుతో కళ్లొత్తుకుని, చాలా బాగుందండీ అంది. శౌరికి తన మీద తనకే గౌరవం కలిగింది.

జూబ్లీహిల్స్‌లో అడుగు పెట్టీపెట్టగానే గుమ్మంలో పన్నీరు చల్లే పిల్లలు ఎదురయ్యారు. శౌరి ఒక్క గెంతులో భార్య ముందుకొచ్చి మొత్తం ముఖాన పట్టుకున్నాడు. హాల్లో ఇంకోసారి, వేదిక దగ్గర ఇంకోసారి. మూడోసారికి చొక్కా పిండితే గిన్నెడు పన్నీరు వచ్చేలా ఉంది. ఇంత ప్రేమగల మొగుణ్ణి చూడలేదని అక్కడి ఆడవాళ్లు అనుకున్నారు.

హిమజ హారాన్ని చూసి కదల్లేదు. తన నగలు తీసి పక్కన పెట్టి, ప్రేమకుమారి జుంకాలూ వడ్డాణమూ తను పెట్టేసుకుంది. హాయిగా ఉందక్కా, వంటిమీద ఏమీ లేనట్టే ఉందని మురిసిపోయింది.

సరిగ్గా అప్పుడు తిరుమలేశ్ వచ్చి శౌరి భుజం పట్టుకున్నాడు.

"హీరోగారు వచ్చిండు. మూడ్ మంచిగుంది. పైకొచ్చి జర క్లైమాక్స్ వినిపియ్యుర్రి."

శౌరి రెండేసి మెట్లు ఎక్కాడు. ఇరవై రెండేళ్ల కల మేడమీద సోఫాలో కూర్చుని ఉంది. చంకలోంచి ఫైలు తీసి మొదటి వాక్యం చదవబోయి ఆగిపోయాడు. అది వద్దన్న క్లైమాక్స్. నగలకని తీసిన కట్ట తారుమారైంది. ఖాయమైన క్లైమాక్స్ కింద హాల్లో, సగం భార్య మెడలో, సగం నిర్మాతగారి భార్య నడుముకీ చెవులకీ ఉంది.

ఒక్క నిమిషం అని చెప్పి మెట్లు దూకాడు. తిరుమలేశ్‌కు అనుమానమొచ్చి వెనకే దిగాడు. హీరోగారు తమాషాగా ఉందని ఆయన వెనక దిగాడు.

"ప్రేమా, ఆ హారం ఓసారి ఇవ్వు."

"బంగారంతో మీకేం పనండీ?"

"అది బంగారం కాదు."

"సన్నాయి మోతలో వినబడట్లేదు."

"అది కాగితం" అని శౌరి గొంతు చించుకున్నాడు. సన్నాయి సరిగ్గా అప్పుడే ఆగింది. హాలంతా విన్నది. ఇక దాచి లాభం లేక, ఏం కాగితమో కూడా చెప్పేశాడు.

తిరుమలేశ్ ముఖం పాలిపోయింది. "నా క్లైమాక్స్‌ని నా భార్యనే చెవులకు పెట్టుకొని తిరుగుతుందా" అన్నాడు. హిమజ ఓ జుంకా మడత విప్పి చదవబోతే, ఆయనే వెళ్లి రెండు చేతులా దాన్ని మూసేశాడు.

శౌరి నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని పూసలు విప్పడం మొదలెట్టాడు. పూసకో వాక్యం. ఏది ముందో ఏది వెనకో తెలీదు, రంగు కింద సగం అక్షరాలు పోయాయి. చేతికొచ్చింది చేతికొచ్చినట్టు చదివాడు. విలన్ కత్తి దూసి, నేనే నీ తల్లినిరా అంటాడు. రైలు హీరోయిన్‌ని చూసి సిగ్గుపడుతుంది. హీరో కన్నీళ్లతో రెండు ముక్కలుగా పేలిపోతాడు.

హీరోగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, కొత్తగా ఉంది, తర్వాతేంటన్నాడు.

శౌరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. తన పేరు తన చేతిలోనే ముక్కలు ముక్కలుగా ఉంది. అప్పుడు ప్రేమకుమారి కొంగు దోపుకుని ముందుకొచ్చింది. ఆయన్ని వదిలెయ్యండి, నేను చెబుతానంది.

క్లాసులో పాఠం చెప్పినట్టు, తడుముకోకుండా ఇరవై నిమిషాలు చెప్పింది. తిరుమలేశ్ కిటికీలు మూయించాడు, ఆ తర్వాత మూయించిన సంగతే మర్చిపోయాడు. హీరోయిన్ చివరి మాట దగ్గర ప్రేమకుమారి శౌరి రాసింది చెప్పలేదు, తను అనుకున్నది చెప్పింది. హీరోగారు లేచి నిలబడ్డాడు.

"ఆ మాట ఎవరు రాశారండీ?"

నేనే అందామని శౌరి నోరు తెరిచాడు. ప్రేమకుమారి అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఇరవై రెండేళ్లుగా తన మాటలు ఇంకొకరి పేరుమీద వింటుంటే ఎలా ఉంటుందో అక్కడ శౌరి ఒక్కడికే తెలుసు. "మా ఆవిడండీ" అన్నాడు. అయితే సినిమాకి మాటలు ఆవిడ పేరుమీదే వెయ్యాలని హీరోగారు అక్కడికక్కడే తేల్చేశాడు.

తిరుగు ప్రయాణంలో ఆటో చెక్‌పోస్ట్ దాటాక శౌరి ఆవిడవైపు తిరిగాడు. కాగితమని ఎప్పుడు తెలిసిందని అడిగాడు.

"జుంకాలో నా చేతిరాతే ఉందిగా."

"మరి ఏడ్చావుగా?"

"నవ్వాపుకుంటే వచ్చిన నీళ్లవి."

"తెలిసీ ఎందుకు పెట్టుకున్నావు?"

"బంగారమైతే ఐదు నిమిషాల్లో కొనేసేవారు. ఇది నాలుగు రోజులు నా కోసం కూర్చుని చేశారు" అని ప్రేమకుమారి బయటికి చూస్తూ కూర్చుంది. శౌరి గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

సినిమా విడుదలైన రోజు ఇద్దరూ మొదటాటకి వెళ్లారు. తెరనిండా మాటలు ప్రేమకుమారి అని పడింది. శౌరి చప్పట్లు కొట్టాడు, ముందు కొంచెం మెల్లగా, తర్వాత గట్టిగా. ఆ వెంటనే ఇంకో పేరు వచ్చింది. హీరోయిన్ రాణి వేషంలో ఆడే పాటకి తేలికైన నగలే కావాలని హిమజ పట్టుబట్టి, రెండు నెలలు శౌరి చేతే మడిపించింది మరి. "ఆభరణాలు: శౌరి."

వెనక సీట్లో ఎవరో, ఈ శౌరి ఎవరో పేరుమోసిన కంసాలి అయ్యుంటాడన్నారు. శౌరి వెనక్కి తిరిగి చూశాడు గానీ, కాదనలేదు.