పన్నెండు ఔన్సుల పెట్టె కోసం డార్సీ చేసిన సమరం

శిశిరుడు తన శ్వేతసేనలను ఉపసంహరించుకోక, వసంతుడు కనీసం దూతనైనా పంపక, ఇరువురి నడుమ ఒహాయో నదీతీరమంతా బురదమంచుతో మసకబారిన ఫిబ్రవరి మాసాంత్య దినాన, మూతబడిన ఉక్కు కర్మాగారపు పొగగొట్టాల నీడనున్న ఒక చిన్న పట్టణంలో, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు, కిరాణా దుకాణపు గాజు తలుపులు తమంతట తామే తెరుచుకోగా, డార్సీ ప్రూయిట్ అనే వీరమాత రణరంగ ప్రవేశం చేసింది.

ఆమె రథం ఒక చక్రం కీచుమనే తోపుడు బండి. రథాగ్రాన మూడేళ్ళ కూతురు జూనీ ఆసీనురాలై ఉంది. డార్సీ కుడిచేత విక్ కార్డు ధరించింది. గర్భిణులకూ బాలింతలకూ పసిబిడ్డలకూ సర్కారు నెలనెలా పాలు, గుడ్లు, చిక్కుడు గింజలు, పండ్లు అనుగ్రహించే మహిమాన్విత ఫలకమది. అయితే ఆ వరాలకు గడువుంది. నెలాఖరు అర్ధరాత్రి దాటితే వాడుకోనిది వాడుకోనట్టే ఆవిరైపోతుంది. వృద్ధాశ్రమపు లాండ్రీలో వారమంతా రెండేసి షిఫ్టులు చేసిన డార్సీకి దుకాణానికి రావడానికి ఈ రోజే వీలైంది. కార్డులో మిగిలింది పాలలో వేసుకు తినే సీరియల్, పన్నెండు ఔన్సులు.

ఆ పన్నెండు ఔన్సుల వెనక పెద్ద చింతే ఉంది. కిందటి వారం క్లినిక్‌లో జూనీ వేలు పొడిచి చూసి, పిల్ల ఒంట్లో ఇనుము తక్కువగా ఉందన్నారు. గుడ్డు ముట్టను, గింజలు నమలను, మాంసం వంక చూడను అని భీషణ ప్రతిజ్ఞ చేసి కూర్చున్న జూనీ, ఇనుము కలిపిన ఓట్స్ చక్రాలను మాత్రం పిడికిళ్ళతో తింటుంది. కొత్త నెల వరాలు కార్డులో పడాలంటే తొమ్మిదో తేదీన మళ్ళీ క్లినిక్‌కు వెళ్ళాలి. అప్పటిదాకా ఆ ఒక్క పెట్టే దిక్కు.

దుర్గప్రాకారాల వంటి అరల మధ్యకు చేరిన డార్సీకి కనిపించిందేమిటి? పద్దెనిమిది ఔన్సుల మహాకాయ పెట్టెలు బారులు తీరి నిలిచాయి. పన్నెండు ఔన్సుల పెట్టెలుండవలసిన చోట శూన్యం ఆవరించింది. పన్నెండున్న కార్డు మీద పద్దెనిమిది రాదు. పెట్టెను కోసి అమ్మరు. అంతలో అర చివర ఇంకో బండిలో ఆ చిట్టచివరి చిన్న పెట్టె తళుక్కుమంది. ఆ బండి వెనక మరిబెల్ అనే ఏడునెలల గర్భిణి నిలుచుంది.

డార్సీ చతురుపాయాలనూ తూచింది. దానానికి తన దగ్గరేమీ లేదు. భేదానికి అవతలిది ఒంటరి మనిషి. దండోపాయం గర్భిణి మీద తలపెట్టడమే పాపం. ఇక మిగిలింది సామం.

"ఏమండీ, అలాంటి పెట్టె ఇంకెక్కడైనా కనిపించిందా?"

మరిబెల్ బండిని వెనక్కి లాక్కుంది. "ఇదొక్కటే ఉంది. నేనే ముందొచ్చాను."

"మీరే ముందొచ్చారు, కాదనను. మా పిల్ల ఇది తప్ప ఏదీ తినదండీ. గుడ్డు పెడితే తీసుకెళ్ళి కుక్కకి వేస్తుంది."

"మనకి కుక్క లేదు," అంది జూనీ.

"పక్కింటి కుక్కకి."

మరిబెల్ నవ్వబోయి ఆగిపోయింది. "ఈ విక్ కార్డుతో నాకిది మొదటి నెలండీ. పోయినసారి పెద్ద రొట్టె తెస్తే కౌంటర్ దగ్గర ఆపేశారు. లైన్లో అందరూ నన్నే చూశారు. ఏడుపొచ్చేసింది. ఇవాళ క్లినిక్ వాళ్ళిచ్చిన కాయితంలో బొమ్మ వేసిందే తీసుకుంటాను. ఇంకోటి ముట్టను."

డార్సీలోని యుద్ధోత్సాహం ఒక్కసారిగా చల్లబడింది. తన మొదటి నెల, తన వెనక నిలబడిన వరుస ఆమెకు కళ్ళకు కట్టాయి.

"నన్ను గుడ్ల దగ్గర ఆపారమ్మా. నేను తెచ్చిన రకం పనికిరాదన్నారు. ఆ పూట తలెత్తలేదు నేను," అంది. "పోయినసారి రసీదుందా నీ దగ్గర? అడుగున ఎంత మిగిలిందో ఉంటుంది."

సంచి అట్టడుగు నుంచి నలిగిన రసీదొకటి బయటపడింది. సీరియల్: పద్దెనిమిది ఔన్సులు.

ఆ క్షణాన డార్సీ అమ్ములపొదిలోని దివ్యాస్త్రం, మూడో తరగతి తీసివేత, ధగద్ధగాయమానంగా వెలికివచ్చింది.

"చూడు, ఈ చిన్నది తీసుకుంటే నీకింకా ఆరు మిగులుతాయి. ఆరు ఔన్సుల పెట్టె ఇక్కడ ఎవరూ అమ్మరు. రాత్రికి అవి పోయినట్టే. ఆ పెద్దది సరిగ్గా పద్దెనిమిది."

"మళ్ళీ ఆపేస్తే?"

"నీ వెనకే ఉంటాను. పెద్దది రాకపోతే చిన్నది నువ్వే తీసుకెళ్ళు. నేను అడగను."

ఇలా తన బిడ్డ పదిరోజుల బువ్వను పణంగా పెట్టి, డార్సీ ఆమె వెనక వరుసలో నిలిచింది. కౌంటర్‌లో ముసలి వెర్నా కళ్ళద్దాలు పైకెత్తి పెట్టెనూ మరిబెల్‌నూ మార్చి మార్చి చూసింది.

"పెద్దదే తెచ్చావే, బంగారం. చూద్దాం ఏమంటుందో."

యంత్రం ఆలోచనలో పడింది. మరిబెల్ బండి కమ్మీని వేళ్ళు తెల్లబడేలా పట్టుకుంది. పిమ్మట యంత్రం దేవదుందుభి వలె, కాస్త సన్నగా, బీప్‌మంది.

"వెళ్ళింది," అంది వెర్నా.

మరిబెల్ ఊపిరి వదిలింది. బండిలోంచి చిన్న పెట్టెను తీసి జూనీ ఒళ్ళో పెట్టింది. జూనీ దాన్ని రెండు చేతులా వాటేసుకుంది. వెర్నా బతిమాలి లాక్కుని యంత్రానికి చూపితే రెండోసారీ దుందుభి మోగింది.

"మిగులు సున్నా," అని రసీదు చింపి ఇచ్చింది వెర్నా. "ఇద్దరూ గిన్నె తుడిచినట్టు ఊడ్చేశారు కదే."

ఆ విధంగా మూడు గంటల ముప్పై నాలుగు నిమిషాలకు, చుక్క నెత్తురు చిందకుండా, బస్సు తప్పిపోకుండా, అపరాజిత డార్సీ ప్రూయిట్ పన్నెండు ఔన్సుల ఓట్స్ చక్రాలను గెలుచుకుందని సర్వజనులకూ తెలియజేయడమైనది. బస్టాపులో జూనీ అట్ట చింపే వేళ బురదమంచులో నేలకొరిగినవి ఎనిమిది చక్రాలు. తక్కిన సైన్యమంతా క్షేమంగా ఇల్లు చేరింది.