పుష్పవాటికలో ఒకే ఒక్క చెట్టు

ఎన్నో ఏళ్లుగా నాకొక సందేహం ఉంది. దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో గోడల కింది భాగాన దేవుళ్ల బొమ్మలున్న టైల్సు అతికిస్తారు కదా, అవి మనం దండం పెట్టుకోవడానికా, మగవాళ్లు ఆ గోడ దగ్గర ఆగకుండా ఉండడానికా? నా మటుకు నేను స్కూటర్ మీద పోతూ ప్రతి టైలుకూ దండం పెడతాను. ఆ స్వామి నన్ను చూస్తున్నాడా, గోడను కాస్తున్నాడా అన్నది మాత్రం తేలలేదు. గుడి అయ్యగారిని అడిగితే, "భక్తితో చూస్తే రెండూ ఒకటే దశరథా" అన్నారు. వారి ఇంటి గోడకు నలుగురు దేవుళ్లు డ్యూటీలో ఉన్నారు.

మాది ఎల్బీనగర్ దగ్గర పుష్పవాటిక కాలనీ. పేరుకు తగ్గట్టే ఇక్కడ ఒక చెట్టు ఉంది. మిగతా స్థలం వృథా కాకుండా ఇళ్లు కట్టుకున్నాం. ఆ చెట్టు శివరాత్రికి ఆకులన్నీ రాల్చుకొని, హోలీ నాటికి ఒళ్లంతా గులాబీ రంగు పూలతో నిలబడుతుంది. దాని పేరు ఎవరికీ తెలియదు. అయినా అదంటే మా అందరికీ ప్రాణం. దాని కింద యాదలక్ష్మి ఇస్త్రీ బండి ఉండేది. నల్గొండ దిక్కు పల్లె నుంచి పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆమె ఆ నీడలోనే నిలబడి మా చొక్కాల మడతలు సరిచేసేది.

ప్రాణప్రదమైన ఆ చెట్టును కొట్టేయాలని పోయినేడు కాలనీ సంక్షేమ సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. కారణం న్యాయమైనదే. పూలు కార్ల మీద రాలుతున్నాయి. దీనికి అధ్యక్షులు రామమోహనరావు గారు 'పుష్ప కాలుష్యం' అని పేరు కూడా పెట్టారు. ఆయన గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన పెద్దమనిషి, ఏ విషయానికైనా ముందు పేరు పెట్టనిదే ఊరుకోరు. "చెట్టంటే నాకూ ఇష్టమేనండీ. కానీ అది ఇంకెక్కడైనా ఉంటే బాగుంటుంది" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం.

యాదలక్ష్మి మాత్రం మా ఆవిడ రాధమ్మ దగ్గరికి వచ్చింది. "చెట్టు పోతే నేనేడికి పోవాలె అక్కా? ఎండల బొగ్గులతోని నిలవడితే సొక్కాలకన్న ముందు నేనే కాల్త."

రాధమ్మ మర్నాడు పొద్దున్నే పోయి చెట్టు మొదలుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎర్రదారం చుట్టి వచ్చింది. రంపం మిషన్ తీసుకొని వచ్చినతను ఆ బొట్టు చూసి చెప్పులు విడిచాడు, దండం పెట్టాడు, రానుపోను ఆటో కిరాయి అడిగి వెళ్లిపోయాడు. దేవుడు కాపలా కూడా కాస్తాడని నాకు ఆ రోజు తెలిసింది.

తరవాత జరిగినదంతా భక్తే. సంఘం తన తీర్మానాన్ని వెనక్కి తీసుకొని, చెట్టుకు 'గులాబమ్మ తల్లి' అని నామకరణం చేసింది. చైతన్యపురి హాస్టళ్ల పిల్లలు హాల్‌టికెట్ల జిరాక్సులు తెచ్చి కొమ్మలకు కట్టారు. నాగోల్ నుంచీ బడంగ్‌పేట్ నుంచీ కాబోయే దంపతులు ఫొటోలకు వచ్చారు. పూలు సమయానికి రాలడం లేదని ఫొటోగ్రాఫర్లు కొమ్మలు పట్టి ఊపారు. పుష్ప కాలుష్యం పుష్ప వర్షమయింది. కాలుష్యం నాడు కారు కడుక్కున్నవాళ్లే వర్షం నాడు కారు తెచ్చి చెట్టు కింద నిలిపారు.

ఇంత మహిమ గల తల్లి మట్టిలో నిలబడడం మా కాలనీకి అప్రతిష్ఠ. అందుకని చుట్టూ సిమెంటు గద్దె కట్టి, మొదలుకు ఆనించి నున్నటి టైల్సు పరిచి, స్టీలు కటకటాలు పెట్టించాం. మొదలు పక్కనే దాతల పేర్లతో నల్లరాతి పలక అమర్చాం. మట్టి ఎక్కడా కనిపించకుండా చేసిన మేస్త్రీకి శాలువా కప్పాం. నీళ్లు ఎక్కడి నుంచి పోతాయని నేను మెల్లగా అడిగాను. "తల్లికి మనం దారి చూపించాలాండీ?" అన్నారు అధ్యక్షులు. నా భక్తి మీద నాకే అనుమానం వచ్చి ఊరుకున్నాను.

ఇక మిగిలింది ఇస్త్రీ బండి. అది ఫొటోల్లో పడుతోందని ఫిర్యాదులు వచ్చాయి.

"చూడమ్మా, ఇది పుణ్యక్షేత్రం. బండి అటు మెట్రో పిల్లర్ దగ్గర పెట్టుకో" అన్నారు రామమోహనరావు గారు.

"ఆడ నీడ లేదు కద సారూ?"

"మెట్రో అంత పెద్ద నీడ ఎవరిస్తారమ్మా?"

"గా నీడ పొద్దంత రోడ్డవతల పడతది సారూ. బండి దాని ఎంబడి ఉరకాల్నా?"

ఆమె మాటకు అందరం నవ్వాం. బండిని నలుగురం కలిసి సాయం పట్టి మరీ తోశాం.

ఈ ఏడు హోలీ వచ్చింది. చెట్టు ఒక్క కొమ్మకే పూసింది, మిగతావి ఎండుపుల్లల్లా ఉన్నాయి. సంఘం కంగారు పడలేదు. బేగంబజార్ నుంచి ప్లాస్టిక్ పూలు తెప్పించి కొమ్మ కొమ్మకూ కట్టించింది. అసలు పూలకన్నా ఇవే నిండుగా ఉన్నాయని, పైగా రాలవని, కార్లున్నవాళ్లు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. వసంతోత్సవానికి పందిరి వేశాం. అధ్యక్షులు మైకు అందుకున్నారు.

"పుష్పవాటిక వాసులారా! ఈ వసంతంలో ప్రకృతి మనకు ఒక్క కొమ్మే ఇచ్చింది. మిగతా కొమ్మలన్నీ మనమే ప్రకృతికి ఇచ్చాం!"

చప్పట్లు ఆగకముందే యాదలక్ష్మి నెత్తి మీద బిందెతో వచ్చింది. ఎండకు ముఖం నల్లబడింది. ఎవరినీ అడగకుండా గద్దె ఎక్కి, చెట్టు మొదట్లో నీళ్లు పోసింది. నీళ్లు టైల్సు మీద జారి, మెట్లు దిగి, రోడ్డు మీదికి వచ్చాయి. మేం అభిషేకమనుకున్నాం. వంగి ఆ నీళ్లు నెత్తిన చల్లుకున్నాం. కొందరు సీసాల్లో పట్టుకున్నారు.

యాదలక్ష్మి మావైపు చూసింది. పందిరి గుంజల కోసం తెచ్చిన గడ్డపార అక్కడే పడి ఉంది. దాన్ని అందుకొని మొదలు పక్కనున్న నల్లరాతి పలక సందులో పోటు వేసింది.

"ఏయ్, ఏయ్! అది దాతల పేర్లున్న పలకమ్మా!" రామమోహనరావు గారు మైకులోనే అరిచారు.

"పేర్లకు దూపయితదా సారూ? చెట్టుకయితది."

పలక రెండు ముక్కలై లేచింది. దాని కింద సిమెంటు పెళ్లలు పెకిలిస్తే మట్టి కనిపించింది, పొడిపొడిగా, బూడిదలా. బిందె అడుగున మిగిలిన నీళ్లు అందులో పోసింది. మట్టి చప్పుడు చేస్తూ తాగింది.

"గివేం సాలయి. ఎవలన్న ఇంకో బిందె అందుకోరాదుండ్రి" అంది.

ఎవరమూ కదల్లేదు. కదలకూడదని కాదు, ఎవరి చేతులూ ఖాళీగా లేవు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. నా చేతిలో హారతి పళ్లెం ఉంది.

ఆమే దిగి పోయి, మా ఇంటి నల్లా దగ్గర బిందె నింపుకొని వచ్చి పోసింది. మళ్లీ పోయి మళ్లీ పోసింది. ఆ తరవాత తడి చేయి చెట్టు బెరడు మీద ఆనించింది.

"గిన్నేండ్లు ఉత్తగనే నీడనిచ్చినవు తల్లీ. ఇయ్యాల నీ బాకీ తీర్చుకున్న."

వీడియోల్లో ఆ మాట చాలా స్పష్టంగా వచ్చింది.