వెతికితే మొదట దొరికే మనిషి

"మనిషన్నవాడు తన పని తాను చేసుకోవాలి! అదే అసలైన స్వాతంత్ర్యం!"

జూన్ పద్నాలుగో తేదీ మధ్యాహ్నం, గ్రంథాలయ విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో కార్డు మాస్టారు ఈ ప్రకటన చేశారు. తేదీ ఆయనకు బాగా గుర్తు. ఆ రోజు తిన్నదీ గుర్తే. రెండు రొట్టెముక్కల మధ్య ఉడకబెట్టిన గుడ్డు, పైన మిరియాల పొడి, పక్కన చక్రాలుగా తరిగిన కీరదోసకాయ. ప్రకటన చేస్తున్నప్పుడు ఆయన ఎత్తిన కుడిచేతిలో ఉన్నది ఆ రొట్టే. దాన్ని చేసిందీ, డబ్బాలో పెట్టిందీ, డబ్బాకు మూత బిగించి సంచీలో వేసి, ఆ సంచీ ఆయన భుజానికి తగిలించిందీ వాళ్ళక్క.

అంత గట్టిగా అరవాల్సిన అవసరం ఏమొచ్చిందంటే, ఆయన పాత పై అధికారి నలుగురిలో ఒక మాటన్నాడు. "పాపం, అక్కగారే లేకపోతే మన మాస్టారు పస్తే!" అని. నలుగురూ నవ్వారు. నిజం కనుక నవ్వు బాగా వచ్చింది.

కార్డు మాస్టారు ముప్పై నాలుగేళ్ళు గ్రంథాలయంలో పుస్తకాలకు కార్డులు రాశారు. పేరు, రచయిత, విషయం, పుస్తకం ఎత్తు సెంటీమీటర్లలో. ఆయన కార్డు రాసిన పుస్తకం దొరకలేదని ఎవరూ ఫిర్యాదు చేసిన దాఖలా లేదు. ఆయన కళ్ళజోడు మాత్రం రోజుకు రెండుసార్లు దొరికేది కాదు. అది వెతికిపెట్టే బాధ్యత భార్య బతికున్నన్నాళ్ళూ భార్యది. ఆమె పోయినప్పుడు పదిహేను రోజులు ఉండి వెళ్తానని వచ్చిన అక్క, అయిదేళ్ళయినా ఇంకా ఆ పదిహేను రోజుల్లోనే ఉంది. అక్క పెద్దాసుపత్రిలో దుప్పట్ల గది చూసేది. మూడు వందల మంచాలకు రోజూ దుప్పట్లు మార్పించిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. తీరిక దొరకలేదని చెప్పేది.

ఆ వారంలోనే అక్కకు ఒక ఉత్తరం వచ్చింది. నర్సింగ్ విద్యార్థినుల హాస్టల్‌కు వార్డెన్‌గా రమ్మని పిలుపు. సొంత గది, గదికో కిటికీ, చూసుకోవడానికి నలభై మంది ఆడపిల్లలు. ఆగస్టు నెలాఖరులోగా జవాబు చెప్పాలి.

"వెళ్ళాలనే ఉందిరా" అంది అక్క, ఉత్తరాన్ని రెండోసారి మడుస్తూ. "కానీ నిన్ను ఒక్కణ్ణీ వదిలేసి ఎలా వెళ్ళను? ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా తెలీదు నీకు."

"నిజమే అక్కా. ఎక్కడుందీ?" అన్నారు మాస్టారు వెంటనే.

అక్క వెళ్ళిపోతుందేమోనన్న భయం ఆయనకు ఆ క్షణంలోనే పట్టుకుంది. ఆ రోజు నుంచీ ఇంట్లో మరింత చేతకానివాడిగా ఉండాలని నిశ్చయించుకున్నారు. అదేమంత కష్టమైన పని కాదు. కష్టమల్లా బయట స్వతంత్రుడిగా కనపడటం. ప్రకటన చేసేశారాయె! రుజువు చూపించాలి.

రుజువు చూపించడానికి దొరికింది బొమ్మల గోడ. అంటే ఫోన్లో ఉండే గోడ. ఎవరైనా అక్కడ ఒక ఫొటో అంటించవచ్చు. ఎవరైనా వచ్చి వెతుక్కుని, నచ్చితే తమ గోడకు అంటించుకోవచ్చు. ఇలాంటి సౌకర్యం కార్డుల కాలంలో లేదే అని మాస్టారు కాసేపు విచారించి, అక్క సర్దిన అలమరను ఫొటో తీసి, కింద ఇలా రాశారు:

"అలమర. చెక్క. అరలు మూడు. దుప్పట్లు, తెల్లవి, పన్నెండు. ఎత్తు నూట ఎనభై సెంటీమీటర్లు. తువ్వాళ్ళకు కింది అర చూడుము."

పది రోజుల్లో ఆ ఫొటోను ఒక్కరు చూశారు. ఆ ఒక్కరూ తానేనని మాస్టారుకు పదకొండో రోజున తెలిసింది.

వీధి చివర ఫొటో స్టూడియో ఉంది. దాని యజమాని ఈ మధ్య బోర్డు మీద ఫొటోగ్రాఫర్ అన్న మాట చెరిపేసి 'దృశ్య ప్రాచుర్య సలహాదారు' అని రాయించుకున్నాడు. అతను మాస్టారు ఫోను అందుకుని చదివి, కళ్ళు తుడుచుకున్నాడు.

"మాస్టారూ, ఇది ఫొటో కింద రాతా, పంచనామానా?"

"వివరం సమగ్రంగా ఉండాలి కదయ్యా!"

"సమగ్రంగా ఉంది. అందుకే ఎవడూ రాలేదు. 'తెల్ల దుప్పట్లు పన్నెండు' అని ఎవడైనా వెతుకుతాడా? మీకు దిగులేసిందనుకోండి. ఏమని వెతుకుతారు?"

"దిగులేస్తే అక్కను పిలుస్తాను."

"అక్కలు లేనివాళ్ళ సంగతి చెప్పండి గురువుగారూ!"

అతను వెతికే పెట్టెలో 'ఒంటరిగా' అని ఒక్క మాట కొట్టాడు. మిగతాది గోడే పూర్తి చేసింది. ఒంటరిగా హాయిగా బతకడం ఎలా. ఒంటరిగా ఉండే మగవాడి వంటిల్లు. ఒంటరిగా భోంచేసేటప్పుడు ఏం చూడాలి. జనం రోజూ ఎక్కువగా వెతికే మాటలే అలా వరసగా వస్తాయట. మాస్టారు ఆ వరసను కాసేపు చూస్తూ ఉండిపోయారు. ఇంతమందా!

"చూశారా? జనం ఏ మాటతో వెతుకుతారో మీ రాత ఆ మాటతో మొదలవ్వాలి. మీ అలమరలో ఏముందన్నది ముఖ్యం కాదు. వాళ్ళ బుర్రలో ఏముందన్నదే ముఖ్యం."

ఆ సాయంత్రం సలహాదారు దయచేసిన నిబంధనలను మాస్టారు ప్రభుత్వ ఉత్తర్వుల్లా ఒక పుస్తకంలోకి ఎక్కించుకున్నారు. ఫొటో నిలువుగా ఉండవలెను. ఫొటో మీదనే పెద్ద అక్షరాలలో నాలుగు మాటలు ఉండవలెను. ఒకే తరహా ఫొటోలన్నీ ఒకే బోర్డు కింద చేర్చవలెను, ఆ బోర్డుకు 'నా ఫొటోలు' వంటి పేరు పెట్టరాదు. ప్రతిదినము ఒక కొత్త ఫొటో పడవలెను. చేసే పద్ధతి అంచెలంచెలుగా రాయవలెను. ఎవరేమి వ్యాఖ్య రాసిననూ చదవనవసరం లేదు, ఎన్ని వచ్చినవో చూసుకొనిన చాలును.

"చదవొద్దా?" అన్నారు మాస్టారు.

"ఎందుకండీ? తిట్టినా గోడ దృష్టిలో ఆదరణే!"

'ఒంటరి గృహస్థు' అన్న బోర్డు అలా వెలిసింది. అక్క మడిచిన దుప్పట్ల దొంతర, 'ఒంటరి మగవాడి అలమర రహస్యాలు' అయింది. అక్క తోమి బోర్లించిన గిన్నెలు, 'ఒంటరిగా హాయిగా: నా వంటింటి ఉదయం' అయ్యాయి. అన్నిటికంటే శ్రమ ఎక్కడంటే, ఫొటోలో అక్క పడకుండా చూడటం. ఎంత జాగ్రత్తగా తీసినా ఒక పక్క మోచెయ్యి వచ్చేది. స్టీలు గిన్నె మీద ఆమె మొహం సాగిపోయి కనపడేది. మాస్టారు ఫోను ముక్కుకు ఆనించుకుని ఆమెను కత్తిరించేవారు. ఒంటరితనం సాధించడానికి ఆయన పడ్డ పాట్లు నిజంగా ఒంటరివాళ్ళు కూడా పడి ఉండరు!

పద్ధతులు రాయడానికి అక్కనే అడగాలి కదా.

"అక్కా, దుప్పటి మూలలు అంత పదునుగా ఎలా వస్తాయి?"

"నీకెందుకురా?"

"ఊరికే. జ్ఞానం కోసం."

అక్క ఆయన మొహంలోకి ఒకసారి చూసి, పిల్లలకు డిక్టేషన్ చెప్పినట్టు ఆగి ఆగి చెప్పేది. ఆయన స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని రాసుకునేవారు.

ఆగస్టు పదో తేదీకి 'ఒంటరిగా హాయిగా' అని ఎవరు వెతికినా మొదటి ఫొటో మాస్టారిదే. పాత పై అధికారి ఫోన్ చేశాడు.

"ఏమండీ మాస్టారూ, నా కొంప ముంచారు కదండీ! మా ఆవిడ మీ అలమర చూపించి నన్ను దులిపేస్తోంది. మీరు దుప్పట్లకు నీలిమందు కూడా పెట్టుకుంటారటగా?"

"ఏదో... అలవాటైపోయింది సార్" అన్నారు మాస్టారు. అంటూనే, "అక్కా, నా చొక్కాకు గుండీ ఊడింది!" అని కేకేసి, చప్పున ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టారు.

ఆగస్టు ఇరవై ఎనిమిదిన భోజనాల దగ్గర అక్క తన ఫోను తీసి ఆయన కంచం పక్కన పెట్టింది.

"హాస్టల్ ఓసారి చూసొద్దామని వెళ్ళానా, అక్కడి దుప్పట్ల అలమర చూస్తే కడుపు తరుక్కుపోయింది. ఎలా సర్దిస్తే బావుంటుందా అని దాన్ని ఫొటో తీసి, ఇలాంటివే చూపించమని గోడను అడిగాను. మొట్టమొదట ఏమొచ్చిందో చూడు. మన అలమర!"

మాస్టారు చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"కింద 'నా ఒంటరి జీవితం, నా చేతి సర్దుడు' అని రాసుంది. ఇదంతా నువ్వే చేసుకుంటున్నావట్రా?"

ఒక్క మాట చాలు. 'కాదక్కా, అంతా నువ్వే' అంటే చాలు. అక్క ఎక్కడికీ వెళ్ళదు. కానీ ఆ మాట బయటికి రావాలంటే గొంతులో అడ్డంగా నలభై వేల మంది అభిమానులు కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు వరసలో పాత పై అధికారీ, అతని భార్యా ఉన్నారు.

"అవును... నేనే" అన్నారు మాస్టారు.

"అయితే ఉప్పు డబ్బా ఎక్కడుంది?"

"స్టవ్ పైన రెండో అర. ఎడమ నుంచి మూడోది." ఫొటో తీసిన ప్రతి వస్తువు స్థానమూ ఆయనకు కంఠతా వచ్చు.

అక్క మొహం విప్పారింది. "బంగారు తండ్రీ! నువ్వు నెగ్గుకురాలేవని అయిదేళ్ళుగా బెంగ పెట్టుకుని కూర్చున్నాను కదరా. వస్తానని రేపే రాసేస్తాను."

రాసేసింది. సెప్టెంబరు ఒకటో తేదీ పొద్దున్నే రెండు సంచులతో బస్సెక్కింది. మాస్టారు చెయ్యి ఊపారు. గోడ మీద మొదటి స్థానం ఆయనది, బస్సులో కిటికీ పక్క సీటు అక్కది. ఎవరికి ఏది దక్కిందో చూసుకుంటే, కిటికీ సీటే నయమనిపించింది.

మధ్యాహ్నం రొట్టె ముక్కలతో గడిచింది. సాయంత్రం ఏడింటికి అసలు ఆకలి మొదలైంది. మాస్టారు వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డారు. ఏది ఎక్కడుందో అంతా తెలుసు. దానితో ఏం చెయ్యాలో తెలీదు. ఆలోచిస్తే పుస్తకాలతో కూడా ముప్పై నాలుగేళ్ళు తన వరస ఇంతే!

ఎవరో ఒకరు చెప్పకపోతారా అని గోడ తెరిచి, 'ఒక్కరికి అన్నం వండడం ఎలా' అని వెతికారు.

మొదటి ఫొటో తనది. పోనీ రెండోది చూద్దామంటే అదీ తనదే. కిందికి జరిపారు. 'ఒంటరి గృహస్థు అన్నం రహస్యం'. 'ఒంటరిగా హాయిగా: నా గిన్నె, నా గింజ'. ఇంకా జరిపారు. తెలిసినవాళ్ళెవరికీ చోటు లేకుండా ఆ పేజీ మొత్తాన్ని ఒక మహా నిపుణుడు ఆక్రమించి ఉన్నాడు.

గత్యంతరం లేక మాస్టారు తన సలహా తానే పాటించారు. బియ్యం కడిగారు, నీళ్ళు కొలిచారు, మూత పెట్టారు. 'పది నిమిషాల్లో పువ్వులాంటి అన్నం' అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంది కనుక సరిగ్గా పది నిమిషాలకు దించారు. నోట్లో పెట్టుకుంటే పన్ను కదిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. అక్క చెప్పింది ఇరవై. జనం ఎక్కువగా వెతికేది 'పది నిమిషాల్లో' అని గోడ చెబితే, ఇరవై కొట్టేసి పది పెట్టింది తన చెయ్యే. ఆ లెక్కన ఎంతమంది ఒంటరివాళ్ళ చేత బియ్యం నమిలించినట్టో! తిట్టే ఉంటారు. ఎన్నడూ చదవని వ్యాఖ్యలు ఆ రోజు మొదటిసారి తెరిచారు.

తిట్టినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళందరి కంటే ముందు, జూలై మూడో తేదీన, 'దుప్పట్ల గది' అనే పేరుతో ఎవరో రాశారు. "పది కాదు, ఇరవై నిమిషాలు. మధ్యలో మూత తియ్యకూడదు. నిన్ననే చెప్పాను కదరా."

మాస్టారు పీట లాక్కుని కూర్చున్నారు. ఒక్కో ఫొటో తెరిచారు. ప్రతిదాని కిందా 'దుప్పట్ల గది' ఉంది. "నీలిమందు ఒక్క చెంచా చాలు, ఎక్కువైతే మరకలు పడతాయి." "గిన్నె బోర్లించే ముందు తుడువు." అలమర ఫొటో కింద, "మోచెయ్యి బాగానే కత్తిరించావు. పై అర ఇంకాస్త కనపడితే బావుండేది."

అంటే జూలై నుంచీ! ఆ హాస్టల్ అలమర, కడుపు తరుక్కుపోవడం, విప్పారిన మొహం... ఎంత నటన! తన కుటుంబంలో తానొక్కడే నటుడనుకున్నారు ఆయన.

ఆగస్టు ఇరవై ఏడో తేదీ ఫొటో కింద ఈ మాట ఉంది. "రేపు అడుగుతాను. అవునని చెప్పరా. నువ్వు కాదంటే నేను ఆగిపోతాను. నాకు వెళ్ళాలనుంది."

ఎదురుగా అడగలేని మాటను, తమ్ముడు చచ్చినా చూడని చోట రాసి పెట్టుకుంది. ఆయన చూడకుండానే అవునన్నారు. ఆమె కోసం కాదు, గొప్ప కోసం. అయినా మూడు నెలల్లో తాను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే. అదైనా పొరపాటున జరగనిచ్చిన దేవుడికి మాస్టారు మనసులోనే దండం పెట్టుకున్నారు.

తర్వాత లేచి, గిన్నెలో ఇంకాసిని నీళ్ళు పోసి మళ్ళీ స్టవ్ మీద పెట్టారు. మూత తియ్యలేదు. అది ఉడికేలోగా ప్రతి ఫొటో కిందా రాత మార్చుకుంటూ పోయారు. పదిని ఇరవై చేశారు. రహస్యాలన్నీ కొట్టేసి, "ఇది మా అక్క పని. నేను ఫొటో మాత్రమే తీశాను" అని రాశారు. జనం వెతికే మాట ఒక్కటీ అందులో లేదు. అన్నం దించి వచ్చి చూసేసరికి మొదటి స్థానంలో వేరెవరిదో నవ్వుతున్న పూలకుండీ ఉంది.

ఫోన్ మోగింది.

"తిన్నావా?" అంది అక్క. వెనక ఆడపిల్లల గోల వినపడుతోంది.

"తింటున్నాను."

"ఏంటి?"

"అన్నం."

"ఉడికిందా?"

మాస్టారు ఒక మెతుకు నొక్కి చూశారు. "రెండోసారికి ఉడికింది."

ఆ గోలలోంచి అక్క నవ్వు ఒక్కటే విడిగా వినపడింది. "సరే, ఎదురింటి టైలరమ్మకు చెప్తాలే. నువ్వు తినేదాకా చూడమన్నాను, పాపం కూర్చునే ఉంటుంది" అని పెట్టేసింది.

మాస్టారు వరండాలోకి తొంగి చూశారు. ఎదురింటి తలుపు బెత్తెడు తెరిచి ఉంది. కుట్టేందుకు ఏమీ లేని మిషను ముందు టైలరమ్మ చేతులు ముడుచుకుని కూర్చుని ఉంది. లోపల ఆవిడ ఫోన్ మోగింది. ఆవిడ ఒక్క నిమిషం విని, తలూపి, లేచింది. మాస్టారు వైపు చూడనట్టే వచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.