వంతెన మొదటి సెకను

ఇకమీదట నది మీది కొత్త వంతెన తన ఆరోగ్యం సంగతి తానే ప్రభుత్వానికి విన్నవించుకుంటుందని వంతెనల మంత్రిగారు ప్రకటించారు. ఏ నెలకో ఒకసారి కాదు, సెకనుకు పదివేల సార్లు. ప్రజలు కూడా ఇంత తరచుగా విన్నవించుకోరు కదా అని ఆయనే చమత్కరించారు, మేమంతా నవ్వాం. నేను ఆ శాఖలో ఇన్‌వర్డ్ గుమాస్తాను. వచ్చిన ప్రతిదానికీ నంబరు వేసి, తేదీ కొట్టి పైకి పంపడం నా ఉద్యోగం. నవ్వడం కూడా అందులో భాగమే.

వంతెన మూడో స్తంభానికి వణుకును కనిపెట్టే సెన్సర్ బిగించారు. దాని పక్కనే అగ్గిపెట్టెంత మైక్రోకంట్రోలర్ బోర్డు. సెన్సర్ చెప్పిన అంకెల్ని అది కేబులు గుండా మా ఆఫీసు కంప్యూటర్‌కి పంపుతుంది. రిబ్బన్ కత్తిరించక ముందే, వంతెన మీద కుక్కపిల్ల కూడా అడుగు పెట్టకముందే, మంత్రిగారు ఉత్సాహం ఆపుకోలేక స్విచ్ నొక్కారు. ఒక్క సెకనులో పదివేల రీడింగులు వచ్చిపడ్డాయి.

మా కార్యదర్శిగారి మేధస్సు అక్కడే మేల్కొంది. ప్రభుత్వానికి వచ్చినదేదైనా ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఎక్కాలనీ, నంబరు పడనిది వచ్చినట్టే కాదనీ సెలవిచ్చారు. బోర్డు తయారుచేసిన ఇంజినీరమ్మ తల పట్టుకుంది. కంప్యూటర్ వచ్చినవి వచ్చినట్టే తీసుకుంటుండాలనీ, ఇక్కడ ఆలస్యమైతే అక్కడ బోర్డులో చోటు నిండిపోయి రీడింగులు పోతాయనీ మొత్తుకుంది.

"ప్రభుత్వ రికార్డు ఒక్కటి కూడా పోవడానికి వీల్లేదమ్మా. ఉన్నవి క్లియరయ్యేదాకా కొత్తవి పంపొద్దని మీ బోర్డుకి చెప్పండి" అన్నారు కార్యదర్శిగారు.

"మరి వంతెన వణకడం ఆపదు కదండీ?"

"అది దాని ఇష్టం. పంపడం మాత్రం ఆపాలి."

ఇంత స్పష్టత ఉన్న అధికారిని నా సర్వీసులో చూడలేదు. బోర్డు నోరు మూయించారు. నేను పని మొదలుపెట్టాను. రోజుకు నాలుగువందల యాభై రీడింగులు. ఒక్కోదానికి నంబరు, తేదీ, ఎదురుగా 'వణుకు లేదు' అని నా దస్తూరీ, పక్కన కార్యదర్శిగారి పొట్టి సంతకం. పదిరోజులకు ఆయన మణికట్టుకు పట్టీ పడింది. త్యాగమంటే అదీ.

ఈలోగా రిబ్బన్ కత్తిరించి వంతెన మీదికి బళ్ళు వదిలారు. మా బావమరిది ఆ వంతెన మీదుగా బస్సు నడుపుతాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చి ముద్ద కలిపి వదిలేశాడు. "మూడో స్తంభం దగ్గర స్టీరింగు చేతుల్లో నిలవట్లేదు బావా. వెనక నలభైమంది ఉంటారు" అన్నాడు. ఒకరోజు బస్సు ఎక్కించనని మొరాయిస్తే డిపోవాళ్ళు మెమో ఇచ్చారట. ప్రభుత్వ రీడింగుల్లో వణుకు లేదు కాబట్టి ఇంకోసారి మొరాయిస్తే ఉద్యోగం ఊడుతుందని అందులో ఉంది.

ఫిర్యాదు రాసివ్వమన్నాను. వరసలో పదివేల ఒకటో నంబరు వస్తుందని చెప్పాను. వంతెన వెంటనే మూసేయమని ఇంజినీరమ్మ రాసిన ఉత్తరానికి పదివేల రెండోది ఇద్దామనుకున్నాను. మా ఆవిడ నాతో రెండురోజులు మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ భయం వేసింది. కానీ భయాన్ని ఏ రిజిస్టర్లో ఎక్కించాలో ఎవరూ చెప్పలేదు.

ఇరవైమూడో పనిదినానికి మొదటి సెకను పూర్తయింది. సభ జరిగింది. పెండింగు ఒక్కటి కూడా లేదని కార్యదర్శిగారు గద్గద స్వరంతో నివేదించారు. వంతెన సంపూర్ణ క్షేమమని మంత్రిగారు ధ్రువపత్రం మీద సంతకం చేసి, దాన్ని వంతెన మొదట్లో అంటించే భాగ్యం నాకు ప్రసాదించారు. తనకు అవతలి ఒడ్డున ఇంకో సభ ఉందని బయల్దేరారు. నేను ధ్రువపత్రం, జిగురు సీసా పట్టుకుని మా బావమరిది బస్సెక్కాను. మంత్రిగారి కార్లు మా ముందే వెళ్తున్నాయి.

వంతెన కనబడగానే ఆ కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి ఎడమకు తిరిగి, పాత రోడ్డు పట్టాయి. అటైతే నలభై మైళ్ళ చుట్టు.

మా బావమరిది బస్సు ఆపాడు. నా చేతిలోని కాగితం వంకా, కార్లు రేపిన దుమ్ము వంకా చూశాడు.

"నువ్వు దిగు బావా. నేను మంత్రిగారి వెనకాలే పోతా. ఇప్పుడు మెమో ఎవడిస్తాడో ఇమ్మను" అన్నాడు.

నలభైమందితో బస్సు ఎడమకు తిరిగిపోయింది. ఉద్యోగ ధర్మం కాబట్టి నేను వంతెన మొదటి స్తంభానికి జిగురు రాసి ధ్రువపత్రం అంటించాను. ఊడిపడింది. మళ్ళీ రాశాను, మళ్ళీ ఊడింది. మూడోసారి జిగురంతా ఒంపేసి రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. మోచేతుల దాకా అదురు పాకుతోంది. ఎదర వంతెన మీద ఒక్క బండి కూడా లేదు.