చెల్లని మునకలు

ఒక పెద్ద అడవిలో, ఏటి ఒడ్డున జంతువుల సంఘం ఒకటి ఉండేది. ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే సంఘస్థులు. వానలు పడితే సంఘం గుహలో తలదాచుకునే హక్కు వాళ్ళకే. మిగతావాళ్ళు చెట్ల కింద తడవాల్సిందే.

ఆ ఏడు ఎండాకాలం మొదట్లో కరుణమ్మ అనే ముళ్లపంది భర్తతో, పసివాడితో కొండ అవతలి నుంచి వలస వచ్చింది. ఇంటిల్లిపాదికీ బాప్తిస్మం ఇమ్మని పాస్టరుగారిని అడిగింది. పాస్టరు పౌలయ్య నీటికుక్క, మెత్తనివాడు. సరేనన్నాడు.

సంఘపెద్ద తాబేలు సామేలు ఒప్పుకోలేదు. మొగుడూ పెళ్ళాలకు ఇవ్వొచ్చుగాని పిల్లవాడికి కుదరదన్నాడు. ఎందుకు మునుగుతున్నాడో తెలిసి, తన నోటితో చెప్పినవాడికే బాప్తిస్మం. వీడికి అమ్మా అనడం కూడా రాదు.

ఇంటి పెద్ద నమ్మితే ఇంటివాళ్ళంతా మునిగినట్టు లేఖనాల్లో ఉందని పౌలయ్య నసిగాడు. ఆ ఇళ్ళలో పసివాళ్ళున్నట్టు రాయలేదన్నాడు సామేలు. లేరనీ రాయలేదన్నాడు పౌలయ్య. ఎండాకాలమంతా అలాగే గడిచిపోయింది.

"వానలొస్తే మేం లోపల, వీడు బయటా అయ్యగారూ?" అని అడిగింది కరుణమ్మ.

"నియమం నేను పెట్టింది కాదమ్మా," అన్నాడు సామేలు. అది ఆయన పెట్టిందే.

"మరి లోపల ఉండేవాళ్ళంతా తెలిసే మునిగారాండీ?"

సామేలుకి ఆ మాట నచ్చింది. పక్షపాతం లేదని చూపించడానికి సంఘం మొత్తాన్నీ పిలిచి, ఎందుకు మునిగారో చెప్పమన్నాడు.

ఆ రోజు ఎండ మండిపోయిందని చెప్పింది అడవిదున్న. తర్వాత విందు ఉందని విన్నానంది నక్క. అందరూ దూకుతుంటే తనూ దూకానంది కోతి. ఏదీ చెల్లదన్నాడు సామేలు. చిన్నప్పుడు వాళ్ళమ్మ మెడ పట్టుకుని ముంచిందని పౌలయ్య ఒప్పుకున్నాడు. అదీ చెల్లలేదు. దాంతో ఆయన ఇచ్చిన బాప్తిస్మాలన్నీ రెండోసారి చెల్లకుండా పోయాయి.

"మీ సంగతేంటండీ?" అంది కరుణమ్మ.

సామేలు నిజాయితీపరుడు. చాలాసేపు ఆలోచించాడు.

"గుడ్డు పగిలి బయటికొచ్చాను. ఎదురుగా ఏరుంది. నడిచాను. నాదీ చెల్లదు," అన్నాడు.

ఇప్పుడు అందరూ బాప్తిస్మం తీసుకోవాల్సినవాళ్ళే, ఇవ్వగలవాడు లేడు. ఆ సాయంత్రమే తొలకరి కుండపోతగా దిగింది. సంఘమంతా గుహ ముందు నియమం ప్రకారం తడుస్తూ నిలబడింది.

ఉరుముకి బెదిరి పసివాడు తల్లి పక్కనుంచి పరుగెత్తి గుహలో దూరాడు.

వాణ్ణి బయటికి తేవాలన్నాడు సామేలు. తేవాలంటే ఎవరో ఒకరు లోపలికి వెళ్ళాలి. వెళ్ళే హక్కు ఎవరికీ లేదు.

కరుణమ్మ ముళ్ళ మీది నీళ్ళు దులుపుకుని తొంగి చూసింది. పిల్లవాడు పెద్దలు కూర్చునే చోట, పొడినేల మీద నిద్రపోతున్నాడు.

"కాస్త మెల్లగా మాట్లాడండి, లేస్తాడు," అంది.

అందరూ గొంతులు తగ్గించారు.

నీతి: లోపలికి వెళ్ళాలనుకునేవాడికి నియమాలు తెలియకపోవడమే మంచిది.